కోళ్లగూళ్లు కాచిన వేటగాళ్లు

ఉయ్యూరు, పామర్రు, అవనిగడ్డ వైపు పల్లెల్లో అరవై ఏళ్ల కిందట కోళ్లగూట్లో ఏదైనా పడిందంటే ఇల్లాలు ముందు లబోదిబోమనేది. తర్వాత ఆ పడినదాన్ని ఏడు తరాలూ కలిపి తిట్టేది. ఆ వెంటనే పిల్లవాణ్ణి ఊరి చివరికి పరుగెత్తించేది. ఊరి చివర అంటే కాలవగట్టు. ఆ గట్టు మీద తాటాకు గుడిసెల్లో యానాదులు ఉండేవాళ్లు. దొంగతనం జరిగితే మునసబుకు కబురు, కోడి పోతే యానాదికి కబురు. అప్పటి ఊళ్లలో అది నడిచే పద్ధతి.

వచ్చినవాడు పెద్దగా ఏమీ అడిగేవాడు కాదు. గూటి ముందు గొంతుక్కూర్చుని నేల చూసేవాడు. కోళ్లు ఎక్కడివక్కడ మెడ కొరికి పడి ఉంటే అది ముంగిస పని. ముంగిస ఒకదానితో ఆగదు. గూట్లో ఐదుంటే ఐదింటినీ కొరుకుతుంది, తిన్నా తినకపోయినా. ఒక్క పెట్ట మాత్రం మాయమై, గూటి దగ్గర నాలుగు ఈకలు తప్ప ఇంకేమీ మిగలకపోతే అడవిపిల్లి. ఆ ఈకలు దొడ్డి దాటి, కంచె దాటి, చేలగట్టు వెంట వరసగా రాలుతూ పోతే నక్క. పిల్లలు రోజుకొకటి తగ్గుతూ, గోడ వార కొత్తమట్టి కుప్పగా కనిపిస్తే పందికొక్కు. పొదుగులో గుడ్లు పెంకు ముక్కైనా లేకుండా పోతే పాము. గూటి తడికకు అంటిన వెంట్రుకను రెండు వేళ్ల మధ్య నలిపి వాసన చూసేవాడు. మెత్తటి బూడిద చల్లి ఉన్న చోట అడుగు చూసేవాడు. గోళ్ల గుర్తు పడితే కుక్కజాతి, పడకపోతే పిల్లిజాతి. పిల్లి నడిచేటప్పుడు గోళ్లు లోపలికి ముడుచుకుంటుందని అతనికి ఏ పుస్తకమూ చెప్పలేదు.

అంతా చూశాక చెప్పేది ఒక్క మాట. “పిల్లేనమ్మగారూ. రుచి మరిగింది, మళ్లీ వస్తాది.”

ఈ తీర్పు తప్పితే పనంతా తప్పినట్టే. ముంగిసకు వేసే ఉచ్చుతో నక్క పడదు. నక్కకు పన్నే వలను పందికొక్కు లెక్కచెయ్యదు. ఏది వచ్చిందో, ఏ దారిన వచ్చిందో, ఎటు పోయిందో తేల్చుకున్నాకే వేట మొదలు. అసలు వేటంటే ఆ తేల్చుకోవడమే, చంపడం చివరి క్షణపు పని.

ఒక కోడి కోసం ఇంత హడావుడి దేనికని ఈ కాలం పిల్లలకు అనిపించవచ్చు. ధాన్యం డబ్బు, మినుముల డబ్బు మగవాడి చేతిలోకి పోయేవి. గుడ్ల డబ్బు మాత్రం ఇల్లాలిది. పోపుల పెట్టెలో దాచుకునేది అదే, పుట్టింటివాళ్లు వస్తే ఖర్చు పెట్టేది అదే, పిల్లవాడి పలకకు ఇచ్చేదీ అదే. నాటుపెట్ట ఏడాది పొడుగునా గుడ్లు పెట్టదు. పది పన్నెండు పెట్టి పొదుగుకు కూర్చుంటుంది, ఇరవై ఒక్క రోజులు పొదుగుతుంది, తర్వాత రెండు నెలలు పిల్లల్ని తిప్పుతుంది. ఏడాదికి అరవై డెబ్బై గుడ్లు పెడితే మంచి పెట్ట కిందే లెక్క. అందులో సగం పొదిగించుకోవాలి, పొదిగిన వాటిలో సగం కొక్కెర తెగులుకు పోతాయి. ఆ మిగిలిన వాటిలో పిల్లి వాటా, గద్ద వాటా తీసేస్తే ఇంటికి దక్కేది ఎంత?

పుంజు సంగతి వేరే. సంక్రాంతికి బరిలో దింపే పుంజును ఇంట్లో మనిషిలాగే చూసేవాళ్లు. కాకి, డేగ, నెమలి, సేతువ, పర్ల, రసంగి అని ఈకల రంగును బట్టి పేర్లు. రాత్రిళ్లు దాన్ని గూట్లో పెట్టడం కూడా నమ్మకం లేక వసారాలో మంచం కోడుకు కట్టుకుని పడుకునేవాళ్లు ఉండేవాళ్లు. ఇక మొక్కుబడి కోడి. ఉయ్యూరు వీరమ్మ తల్లికో, పెనుగంచిప్రోలు తిరుపతమ్మకో అనుకుని వదిలిన కోడిని నక్క ఎత్తుకుపోతే నష్టంతో పాటు భయం కూడా. అమ్మవారి సొమ్ము పోయింది, ఇప్పుడు అమ్మవారు ఏమంటుందో అని ఇల్లంతా గుంజాటన పడేది.

డెల్టా అంటే ఇప్పటివాళ్లకు పచ్చటి వరిచేలు గుర్తొస్తాయి. అదే నేల అడవి జంతువులకు ఎంత అనుకూలమో చూసినవాళ్లకే తెలుసు. 1852లో మొదలుపెట్టి 1855కి బెజవాడ దగ్గర కృష్ణకు అడ్డంగా ఆనకట్ట కట్టారు. కాటన్ దొర ఆలోచన, కెప్టెన్ ఓర్ పనితనం. దాని వెనక బందరు కాలవ, ఏలూరు కాలవ, రైవస్ కాలవ, వాటి నుంచి వందల పిల్లకాలవలు, మురుగుకాలవలు. కాలవ ఉన్నచోటల్లా గట్టు, గట్టు ఉన్నచోటల్లా జమ్ము, తుంగ, మొగలిపొద. కృష్ణ లంకల్లో మనిషెత్తు రెల్లు. వరి పండింది కాబట్టి ఎలుక పెరిగింది. ఎలుక పెరిగింది కాబట్టి పిల్లి, నక్క, పాము, ముంగిస అన్నీ ఊరి అంచుకు చేరాయి. ఉయ్యూరు చుట్టూ కేసీపీ మిల్లుకు చెరకు వేసిన చేలల్లోనైతే నక్కలకు ఇల్లూ అదే, తిండీ అదే. చెరకు గడ నమిలి తియ్యదనం పీల్చే జంతువు అది. అవనిగడ్డ దాటి కోడూరు, నాగాయలంక, హంసలదీవి వైపు వెళితే మడ అడవుల్లో పీతలు తినే నక్కలు, చేపలు పట్టే బావురుపిల్లులు.

ఇక్కడొక మాట. కోడిని తిన్న అడవిపిల్లికి అసలు తిండి కోడి కాదు, ఎలుక. రాజస్థాన్‌లోని సరిస్కాలో పరిశోధకులు ఈ పిల్లి పెంట తవ్వి చూసి, అది రోజుకు మూడు నుంచి ఐదు ఎలుకలు తింటుందని అంచనా కట్టారు. యానాది పెద్దవాళ్లకు ఆ సంగతి తెలుసు. అందుకే చేలో తిరిగే పిల్లి జోలికి పోయేవాళ్లు కాదు. దొడ్లోకి దిగిన పిల్లినే వెతికేవాళ్లు. “చేలో పిల్లిని చంపితే ఎలక మన నెత్తినెక్కుద్ది దొరా” అనే మాట ఆ రోజుల్లో రైతుకు విసుగ్గా అనిపించినా, ఇప్పుడు ఆలోచిస్తే వ్యవసాయ కాలేజీలో చెప్పే పాఠం అదే.

యానాదులు నెల్లూరు వైపు ఎక్కువ. అక్కణ్ణుంచి గుంటూరు, కృష్ణా జిల్లాల దాకా, ముఖ్యంగా నీళ్లు, చేలు ఉన్నచోట పరుచుకున్నారు. 2011 జనాభా లెక్కల నాటికి ఐదు లక్షలకు పైగా ఉన్నారు. ఎడ్గార్ థర్స్టన్ 1909లో అచ్చువేసిన దక్షిణ భారత కులాలు, తెగల ఏడు సంపుటాల్లో చివరిదాంట్లో వీళ్ల మీద పెద్ద వ్యాసమే ఉంది. రెడ్డి యానాదులు, చల్లా యానాదులు, అడవి యానాదులు, కప్పల యానాదులు అని తిండినీ బతుకునూ బట్టి విభాగాలు చెబుతారు. డెల్టా రైతుకు ఈ విభాగాలతో పని లేదు. అతనికి కావాల్సింది ఎలుక పట్టేవాడు, చేను కాసేవాడు, రాత్రి కళ్లం దగ్గర పడుకునేవాడు. ఆ మూడు పనులూ ఒకే మనిషి చేసేవాడు. కోళ్లగూటి పని వీటికి తోక. దానికి విడిగా కూలి లేదు.

మరి ఏమిచ్చేవాళ్లు? నూర్పిళ్లప్పుడు కళ్లంలో మేర. చాకలికి, మంగలికి, కమ్మరికి కొలిచినట్టే యానాదికీ నాలుగు కుంచాలు. ఎలుక బొరియ తవ్వితే అందులో దొరికిన ధాన్యం అతనిదే. పట్టిన జంతువు అతనిదే. ఏదైనా పెద్దది పడిన రోజు ఇల్లాలు ఒక పాత చీరో, చేటెడు నూకలో, పండగైతే అరిసెలో పెట్టి పంపేది. అరవై ఏళ్ల మనిషినైనా ఆ ఇంట్లో పదేళ్ల పిల్లవాడు ‘ఏరా’ అనే పిలిచేవాడు. ఆయన ఆ పిల్లవాణ్ణి ‘అబ్బాయిగారూ’ అనేవాడు. గూటి దాకా రావచ్చు, గడప దాటకూడదు. ఈ జ్ఞాపకాన్ని ముచ్చటగా చెప్పుకునే పెద్దవాళ్లు ఈ భాగాన్ని వదిలేస్తుంటారు. వదిలేయకూడదు.

అతని పనిముట్లన్నీ కలిపి ఒక మూటకు సరిపోయేవి. ఇనుప మొన తొడిగిన గునపం కర్ర, పొట్టి బరిసె, వల, మట్టికుండ. వీటిలో అందరికీ గుర్తున్నది కుండ.

పందికొక్కు బొరియ ఒక దారితో ఉండదు. గోడ కింద ఒక నోరు, గడ్డివాము కింద ఇంకో నోరు, దిబ్బ పక్కన మరొకటి. యానాది ముందు ఇంటి చుట్టూ తిరిగి అన్ని నోళ్లూ వెతికేవాడు. కొన్నింటిని తడిమట్టితో మూసి, ఒకదాని దగ్గర కుక్కనో కొడుకునో నిలబెట్టేవాడు. కుండ అడుగున వేలు పట్టేంత బెజ్జం ఉంటుంది. కుండనిండా ఎండుగడ్డి, కాస్త పచ్చాకు కూరి నిప్పంటించి, మూతిని బొరియకు బోర్లించి చుట్టూ మట్టి మెత్తేవాడు. ఇక అడుగున ఉన్న బెజ్జంలోంచి ఊదడం. బుగ్గలు ఉబ్బించి, కళ్లు మూసుకుని, ఆగి ఆగి ఊదేవాడు. పచ్చాకు వల్ల మంట లేవదు, పొగ లేస్తుంది. ఆ పొగంతా బొరియలోకే పోతుంది. మూసిన నోళ్ల దగ్గర మట్టి నెర్రెల్లోంచి నీలంగా సన్నటి పొగ కనిపిస్తే సొరంగం ఎటు పోయిందో తెలిసిపోతుంది. కొంతసేపటికి అతను నేలకు చెవి ఆనించి వినేవాడు. లోపల గీకుడు ఆగాక గునపంతో తవ్వేవాడు. మత్తెక్కిన పందికొక్కును తోకపట్టి లాగి ఒక్క దెబ్బతో ముగించేవాడు. పక్కనే అది దాచుకున్న వడ్ల గది. వేళ్లతో గింజ గింజా ఏరి కొంగులో కట్టుకునే పని ఆడవాళ్లది. పిల్లలంతా చుట్టూ మూగి దగ్గుతూ చూసేవాళ్లు. బడికి ఎగనామం పెట్టడానికి అంతకు మించిన కారణం ఉండేది కాదు.

పిల్లికి ఈ పద్ధతి పనికిరాదు. పిల్లికి బోను. తాటిబద్దలతో చేసిన పొడుగాటి పెట్టె, రెండు అరలు. లోపలి అరలో బతికిన కోడిపిల్ల, దానికి పిల్లి పంజా తగలకుండా అడ్డం. ముందు అరలో తొక్కితే పడే తలుపు. కోడిపిల్ల అరుపుకు పిల్లి వస్తుంది, తలుపు పడుతుంది. వినడానికి సులువే. పిల్లి వచ్చే దారిలోనే, గాలి వాలు చూసి, మనిషి వాసన పోయేట్టు బోనుకు బురద పూసి పెట్టాలి. కొత్త బోనులో పిల్లి పడదని, వారం రోజులు మంచులో నాననివ్వాలని అనేవాళ్లు. ముంగిస, ఉడుము లాంటి వాటికి నరాల దారంతో ఉచ్చు. లంకల్లో జమ్ములో దాక్కున్న నక్కకు వల. పొదకు ఒక పక్క వల కట్టి, ఇంకో పక్క నుంచి కుక్కలతో, డబ్బాల మోతతో తోలుకొచ్చేవాళ్లు. వల దగ్గర నిలబడేవాడికి కదలకుండా ఉండటమే పని.

గద్ద విషయంలో మాత్రం వేటగాడికి పెద్దగా పాత్ర లేదు. దాన్ని ఆడవాళ్లు, పిల్లలు, తల్లికోడి కలిసి చూసుకునేవాళ్లు. ఆకాశంలో నీడ తిరిగితే తల్లి ఒక రకంగా అరుస్తుంది, పిల్లలన్నీ రెక్కల కిందికి దూరతాయి. ఆ అరుపు వినగానే వంటింట్లో ఉన్న మనిషి కూడా ‘హుయ్’ అని కేకేస్తూ బయటికి వచ్చేది. చచ్చిన కాకిని వెదురు చివర వేలాడదీసేవాళ్లు. పిల్లల్ని గంప కింద మూసేవాళ్లు. పాత చేపలవల పెరటి మీద పరిచేవాళ్లు. కొన్ని ఇళ్లలో పిల్లలకు గులాబీ రంగు పూసేవాళ్లు, గద్దకు ఆనవాలు దొరకదని నమ్మకం. ఎర్రటి రెక్కలు, తెల్లటి తల ఉన్న గరుడపక్షి వాలితే మాత్రం రాయి పట్టిన చెయ్యే దండం పెట్టేది. అది కోడిపిల్లను తన్నుకుపోయినా స్వామి వాహనం మీద రాయి వేసే ధైర్యం ఎవరికీ లేదు.

నక్కల కోసం ఇంకొకళ్లు కూడా వచ్చేవాళ్లు. వాళ్ల పేరులోనే నక్క ఉంది. నక్కలవాళ్లు అంటారు, కొన్నిచోట్ల పూసలవాళ్లు అంటారు, తమిళనాట నరికురవలు. ఇంట్లో మాట్లాడుకునేది గుజరాతీకి దగ్గరైన వాగ్రి. పూసలు, సూదులు, పిన్నీసులు అమ్ముకుంటూ ఊరూరా తిరిగే ఈ బృందాలు కోతలయ్యాక డెల్టాకు వచ్చి ఊరి బయట డేరాలు వేసేవి. యానాది ఊరివాడు, నక్కలవాడు దారినపోయేవాడు. అయినా నక్క విషయంలో యానాది కూడా వాళ్ల ముందు తల వంచాల్సిందే. చీకటి పడ్డాక పొలంగట్టున కూర్చుని నోటికి చేతులు అడ్డం పెట్టి నక్క కూత కూసేవాళ్లు. లంకలోంచి అసలు నక్క బదులిచ్చేది. కూత కూతకూ దగ్గరికి వచ్చేది. వల, ఉచ్చు, మందుకూరే నాటు తుపాకి, వీటిలో ఏది అందుబాటులో ఉంటే దానితో పని ముగించేవాళ్లు. మాంసం తినేవాళ్లు, ‘నక్కకొమ్ము’ పేరుతో తాయెత్తులు అమ్మేవాళ్లు. నక్కతోక తొక్కితే అదృష్టమని నమ్మే జనానికి నక్కకొమ్ము అమ్మడం కష్టమేమీ కాదు. నక్కకు కొమ్ము ఉండదని అందరికీ తెలుసు. అయినా కొనేవాళ్లు.

మోతుబరుల ఇళ్లలో తుపాకీ ఉండేది. పంట కాపాడుకోవడానికి మందు తుపాకీకి లైసెన్సు ఇచ్చే వీలు 1959 ఆయుధాల చట్టంలో ఇప్పటికీ ఉంది. కానీ ఇంటి కప్పుల మధ్య, గడ్డివాముల మధ్య, రాత్రిపూట తుపాకీతో పిల్లిని కొట్టడం అయ్యే పని కాదు. దొరల కాలంలో దేశమంతటా క్రూరమృగాల తలలకు వెల కట్టారు. చరిత్రకారుడు మహేష్ రంగరాజన్ లెక్క ప్రకారం 1875 నుంచి 1925 దాకా యాభై ఏళ్లలో 80 వేలకు పైగా పులులు, లక్షన్నరకు పైగా చిరుతలు, రెండు లక్షల తోడేళ్లు ఆ బహుమతుల కోసం చచ్చాయి. అది జాతినే తుడిచిపెట్టే వేట. యానాది వేట అలాంటిది కాదు. గూట్లో దిగిన ఒక్కదాన్ని తీసేసి ఊరుకునే వేట. పొరుగు పొదలో ఉన్నదాన్ని వదిలేసే వేట. ఈ తేడాను ఎంత గట్టిగా చెప్పినా తక్కువే.

అదే కాలంలో ప్రభుత్వం ఈ మనుషుల్ని ఎలా చూసిందో కూడా చెప్పాలి. 1871 నాటి నేరస్థ జాతుల చట్టం 1911లో మద్రాసు రాష్ట్రానికి వచ్చింది. కొన్ని ప్రాంతాల యానాదులను కూడా ఆ జాబితాలో ఎక్కించారు. పుట్టుకతోనే దొంగ అని ముద్ర. ఊళ్లో ధాన్యం, కోళ్లు, చేలు ఎవరి కాపలాలో ఉన్నాయో వాళ్లే పోలీసు ఠాణాలో హాజరు వేయించుకోవాలి. ఈ అన్యాయం మీద జీవితమంతా పోరాడినవాడు నెల్లూరు జిల్లా వెన్నెలకంటి రాఘవయ్య. గుడిసె గుడిసెకూ తిరిగి సంఘం పెట్టించాడు, బడులు పెట్టించాడు, 1962లో యానాదుల మీద ఇంగ్లీషులో ఒక గ్రంథమే రాశాడు. దేశమంతటా ఆ చట్టం రద్దయింది 1952 ఆగస్టు 31న. ఠాణాలో హాజరు ఆగింది. ‘ఏరా’ అనే పిలుపు ఆగడానికి మాత్రం ఇంకా చాలా ఏళ్లు పట్టింది.

ఈ బతుకు ఎప్పుడు పోయిందంటే ఒక తేదీ చెప్పలేం. మూడు నాలుగు వైపుల నుంచి కరిగిపోయింది.

మొదట వచ్చింది మందు. పురుగుమందుల డబ్బాలు ప్రతి ఇంటి అటక మీదికీ చేరాక, పిల్లి కోసం ఎవరినీ పిలవాల్సిన పని లేకపోయింది. చచ్చిన కోడి కడుపులో ఎండ్రిన్ పోసి గట్టున పెడితే తెల్లారేసరికి పిల్లి చచ్చి ఉండేది. దానితో పాటు ఊరకుక్క, నక్క, కాకి, గుడ్లగూబ కూడా. ఎండ్రిన్‌ను 1990లో నిషేధించారు. దాని స్థానంలో గుళికల మందు వచ్చింది. వేటగాడు ఏది దొంగో తేల్చుకున్నాకే చెయ్యి చేసుకునేవాడు. విషానికి ఆ విచక్షణ లేదు. ఎలుకలకు కూడా మందే పెట్టడం మొదలయ్యాక యానాదికి అసలు పనీ పోయింది, తిండీ పోయింది. మందు తిన్న ఎలుకను ఎవరు తింటారు?

తర్వాత చట్టం. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టంతో అడవి జంతువుల వేట నేరమైంది. కావలసిన చట్టమే, అందులో రెండో మాట లేదు. కానీ తరతరాలుగా వేటతో బతికినవాళ్లకు బదులు బతుకు చూపించకుండా వచ్చిన చట్టం అది. పొదలు కొట్టి చెరువులు తవ్వినవాడికి దక్కింది లాభం, పొదలో ఉడుమును పట్టినవాడికి దక్కింది కేసు.

1977 నవంబరు 19న దివిసీమను ముంచిన ఉప్పెన కోళ్లనూ నక్కలనూ మనుషులనూ ఒక్కటిగా తుడిచిపెట్టింది. వేలమంది పోయారు. కాలవగట్ల మీద, సముద్రపు అంచున గుడిసెల్లో ఉన్న పేదలే అందులో ఎక్కువ. ఆ రాత్రితో కొన్ని యానాది పేటలకు పేరు చెప్పుకునేవాళ్లు కూడా మిగల్లేదు.

ఈలోగా కోడే మారిపోయింది. 1971లో బి.వి. రావు వెంకటేశ్వర హేచరీస్ మొదలుపెట్టాడు, 1982లో గుడ్ల ధర రైతే చెప్పుకునేలా నెక్ సంస్థ వచ్చింది. హనుమాన్ జంక్షన్, నూజివీడు, తణుకు వైపు షెడ్ల మీద షెడ్లు లేచాయి. స్తంభాల మీద ఎత్తుగా కట్టిన షెడ్డు, చుట్టూ ఇనుప జాలీ, లోపల బోనుల్లో తెల్లకోళ్లు, ఒక్కొక్కటీ ఏడాదికి మూడు వందల గుడ్లు. ఆ జాలీలో పిల్లి దూరదు, గద్ద వాలదు. గుడ్డు చవకైంది, ప్రతి పేదవాడి పళ్లెంలోకి వచ్చింది. అది మంచి. ఇల్లాలి పోపుల పెట్టెలో డబ్బు మాత్రం పోయింది. పెరట్లో పెట్ట లేనప్పుడు గూడెందుకు, గూడు లేనప్పుడు కాపలా ఎందుకు?

కైకలూరు నుంచి నాగాయలంక దాకా వరిచేలు చేపల చెరువులయ్యాయి, రొయ్యల చెరువులయ్యాయి. గట్ల మీద జమ్ము పోయింది. యానాదులకు ఆ చెరువుల మీద కాపలా పని దొరికింది. కొంతమందికి అది జీతం పని. ఇంకొంతమందికి అప్పు తీరేదాకా గట్టు దిగనివ్వని చాకిరీ. వెట్టిచాకిరీని నిషేధించింది 1976లో. ఆ తర్వాత దశాబ్దాలకు కూడా చెరువుగట్ల నుంచి, ఇటుక బట్టీల నుంచి యానాది కుటుంబాలను అధికారులు విడిపించిన వార్తలు వస్తూనే ఉన్నాయి.

కోళ్ల దొంగగా చెడ్డపేరు మోసిన బావురుపిల్లికి పట్టిన గతి కూడా ఇదే. అడవిపిల్లి కంటే పెద్దది, పొట్టి తోక, బూడిదరంగు ఒంటి మీద మచ్చల వరసలు, నీళ్లలోకి దూకి చేప పట్టే పిల్లి. కోడి దానికి ఎప్పుడో ఒకసారి దొరికే తిండి, చేపే అసలుది. అంతర్జాతీయ ఎర్రజాబితాలో దాన్ని ముప్పున్న జాతుల్లో పెట్టారు. పశ్చిమ బెంగాల్ దాన్ని తమ రాష్ట్ర జంతువుగా పెట్టుకుంది. మన కృష్ణా అభయారణ్యం మడల్లో అది ఇంకా ఉంది. రొయ్యల చెరువు మీదికి వచ్చినప్పుడు విషానికి, ఉచ్చుకు బలవుతూ కూడా ఇంకా ఉంది. దాని అడుగు ఏది, అడవిపిల్లి అడుగు ఏది అని బురద చూసి చెప్పగలిగినవాళ్లు ఆ పరిసరాల్లో ఎవరైనా ఉంటే వాళ్లు ముందుగా యానాదులే.

పక్క రాష్ట్రంలో ఇరులలు కూడా ఇలాంటి వేటగాళ్లే. ఎలుకలు, పాములు వాళ్ల బతుకు. పాముతోళ్ల వ్యాపారం ఆగిపోయి రోడ్డున పడబోతున్న సమయంలో, రోములస్ విటేకర్ చొరవతో 1978లో మద్రాసు దగ్గర ఇరుల పాములు పట్టేవాళ్ల సహకార సంఘం పుట్టింది. పామును పట్టి, విషం తీసి, మళ్లీ వదిలిపెట్టడం వాళ్ల పని. పాముకాటు మందుకు కావలసిన విషం ఎక్కువగా ఆ సంఘం నుంచే వస్తోంది. వాళ్లలో ఇద్దరిని, మాసి సదయన్, వడివేల్ గోపాల్‌లను, 2017లో అమెరికాలోని ఫ్లోరిడాకు కొండచిలువలు పట్టడానికి పిలిపించుకున్నారు. 2023లో ఆ ఇద్దరికీ పద్మశ్రీ వచ్చింది. అదే రకం చూపు, అదే రకం చెవి, అదే రకం ఓపిక ఉన్న యానాదికి మన దగ్గర దక్కింది చెరువుగట్టు.

ఇప్పుడు నాటుకోడికి మళ్లీ గిరాకీ వచ్చింది. విజయవాడలో కిలో నాటుకోడి బాయిలర్ ధరకు రెండు మూడింతలు పలుకుతోంది. కంకిపాడు, పెనమలూరు వైపు తోటల్లో నాటుకోళ్లను ఆరుబయట తిప్పి పెంచే కుర్రవాళ్లు పెరుగుతున్నారు. వాళ్లకు మళ్లీ అదే కష్టం. ముంగిస, పిల్లి, గద్ద. ఏం చెయ్యాలో తెలియక గుళికల మందు వైపు చెయ్యి చాస్తున్నారు. జంతువును చంపడం నేరం, విషం పెట్టడం అంతకంటే పెద్ద నేరం. కానీ గూడు ఎటు వైపు పెట్టాలి, తడిక ఎంత లోతు పాతాలి, బూడిద ఎక్కడ చల్లాలి, ఏ గుర్తు చూసి ఏ దొంగ అని తెలుసుకోవాలి, పట్టిన పిల్లిని చంపకుండా అటవీశాఖకు ఎలా అప్పజెప్పాలి, ఈ పనులన్నిటికీ కావలసిన తెలివి ఇంకా కొందరు ముసలివాళ్ల దగ్గర ఉంది. గన్నవరంలో పశువైద్య కళాశాల ఉంది. అటవీశాఖ ఉంది. గిరిజన సంక్షేమ శాఖ ఉంది. వీళ్లు ముగ్గురూ కలిసి దివిసీమ నుంచి కొల్లేటి దాకా యానాది పేటల్లో పెద్దవాళ్లను కూర్చోబెట్టి, వాళ్లు చెప్పింది వాళ్ల మాటల్లోనే రాసుకోవాలి. ఊరికే కాదు, పాఠం చెప్పినవాడికి ఇచ్చే జీతం ఇచ్చి. నాటుకోళ్లు పెంచే రైతులు కూడా మందు డబ్బా కొనేముందు కాలవగట్టుకు ఒకసారి వెళ్లి, ‘పెద్దాయనా, కాస్త మా గూడు చూసి చెప్పండి’ అని అడగాలి.